పన్నెండు వందల అరవై కుండలు

నా జీవితంలో ఒక్క తప్పు కూడా లేకుండా చేసిన లెక్క ఒకటే ఒకటి ఉంది. దాన్ని మూడుసార్లు సరిచూశాను. కూడిక కుదిరింది. భాగహారం శేషం లేకుండా తెగింది. ఆ లెక్క దెబ్బకు ఒక ముసలి జంట ఇల్లు ఖాళీ చేసింది, మా ఆవిడ నాతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు, చివరికి నేను కూడా సామాను రిక్షాలో వేసుకుని రోడ్డున పడ్డాను. లెక్క తప్పి చెడినవాళ్లను మీరు చాలామందినే చూసి ఉంటారు. లెక్క కుదిరి ఇంతమందిని ముంచినవాణ్ణి చూడాలనుంటే, ఇదిగో, ఇలా కూర్చోండి.

ఎనభైల మొదట్లో మాట. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. వరంగల్లో ఒక మిర్చి వ్యాపారి దగ్గర గుమస్తాగా ఉండేవాణ్ణి. చదివింది ఏడో తరగతి. ఆపైన లెక్కలు ఎవరూ నేర్పలేదు. బస్తాల తూకాలు రాయగా రాయగా అవే పట్టుబడ్డాయి. కొత్తగా సైకిలు వచ్చినవాడు పక్కింటికి కూడా తొక్కుకుంటూనే పోయినట్టు, నేను కనపడ్డ ప్రతిదానికీ లెక్క కట్టేవాణ్ణి. అగ్గిపెట్టెలో ఎన్ని పుల్లలు వెలగకుండా విరుగుతాయి, ఒక సబ్బు ఎన్ని స్నానాలకు వస్తుంది, మా ఆవిడ సరోజన రోజుకు ఎన్నిసార్లు నిట్టూరుస్తుంది. ఈ చివరి లెక్క ఆవిడకే చూపించాను. మర్నాటి నుంచి ఆ సంఖ్య పెరిగింది.

స్టేషన్ నుంచి పది నిమిషాల నడకలో ఉన్న మూడంతస్తుల బిల్డింగులో మా కాపురం. అంతస్తుకు నాలుగు పోర్షన్లు. కింది రెండు అంతస్తుల్లో పోర్షనుకు ఎనభై రూపాయల కిరాయి, మా పై అంతస్తులో అరవై. ఆ ఇరవై రూపాయల తేడా ఓనరు దయ కాదు, ఎండ ధర. మా నెత్తి మీద స్లాబు, స్లాబు మీద సూర్యుడు, మధ్యలో ఇంకెవరూ లేరు. మార్చి నుంచి జూన్ దాకా మేము నాలుగు కుటుంబాలవాళ్లం జొన్నరొట్టెల్లా ఒక పక్క కాలాక రెండో పక్కకు తిరిగేవాళ్లం.

ఆ నాలుగింటిలో ఒకదాంట్లో బస్సు కండక్టరు, ఇంకోదాంట్లో దవాఖానలో పనిచేసే కంపౌండరు ఉండేవారు. మా పక్క పోర్షన్లో కొమురయ్య, సత్తమ్మ. చుట్టరికం ఏమీ లేదు గానీ నేను మామా, అత్తా అనేవాణ్ణి, వాళ్లు అల్లుడా అనేవాళ్లు. కొమురయ్య మామ బట్టల మిల్లులో ముప్పై ఏళ్లు దూది పీల్చి, ఇక పీల్చడానికి లోపల చోటు లేక ఇంటికి వచ్చేశాడు. సత్తమ్మత్త బీడీలు చుట్టేది. ఇల్లు ఆవిడ వేళ్ల మీదే నడిచేది.

బీడీలు చుట్టే ఇంట్లో ఎంత ఎండైనా ఫ్యాను వేయరు. వేస్తే చాటలో తంబాకు లేచిపోతుంది, తడిపి పెట్టుకున్న తునికాకు ఎండి పెళుసుగా విరుగుతుంది. అందుకని ఆ స్లాబు కింద, ఫ్యాను ఉండి కూడా తిప్పకుండా, ఆవిడ గోడకు ఆనుకుని చుట్టేది. ఆయన తల గడప బయట, కాళ్లు లోపల పెట్టుకుని పడుకుని దగ్గేవాడు. ఆ దగ్గులు కూడా ఒకరోజు లెక్కపెట్టాను. ఆ సంఖ్య ఇక్కడ రాయను.

"నిద్ర పట్టిందా మామా?" అని అడిగితే, "ఉడుకుతాన గదా అల్లుడా. ఉడికినంక వాళ్లే దించుతరు," అనేవాడు.

ఒక ఎండాకాలం ఆయన్ని దవాఖానకు తీసుకుపోతే డాక్టరు ఛాతీ చూసి మందు రాశాడు. ఆ తర్వాత సత్తమ్మత్తతో, "మందు సంగతి తర్వాత. ముందుగాల ఈయన్ను జర సల్లని జాగల ఉంచు. ఇంకో రెండు ఎండకాలాలు గట్లనే ఐతె కష్టం," అన్నాడట. ఆవిడ ఇంటికి వచ్చి నేరుగా మా గుమ్మం ముందు కూర్చుంది.

"అల్లుడా, అన్నిటికి లెక్కగడ్తవ్ గద. గీ ఎండకు ఏమన్న లెక్కున్నదా?"

అంతవరకు నన్ను అలా అడిగినవాళ్లు లేరు. నా ఛాతీ ఎంత ఉబ్బిందంటే, లోపలికి పోవడానికి గుమ్మంలో పక్కకు తిరగాల్సి వచ్చింది.

ముందు వేడి ఎంతో తేలాలి కదా. మందుల షాపుకు పోయి థర్మామీటరు కొన్నాను. జ్వరం చూసేదే. ఇంకో రకం ఉంటుందని నాకు తెలియదు. దాన్ని దారం కట్టి గోడ మేకుకు వేలాడదీసి, ఎదురుగా కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం ఒంటిగంటకు పాదరసం నూట ఎనిమిది దాటి, ఇక పోవడానికి దారి లేక, చిన్న చప్పుడుతో గాజు పగిలింది. చప్పుడు విని కంపౌండరు వచ్చి చూశాడు.

"అన్నా, గదికి జరమొస్తె దవాఖానకు తేవాలె గని, ఇంట్లనే వైద్యం జేస్తె ఎట్ల?" అన్నాడు.

తర్వాత ఖర్చు తక్కువ పద్ధతి ఒకటి కనిపెట్టాను. సన్నపాటి కొవ్వొత్తులు పన్నెండు కొని, పన్నెండు పోర్షన్లలో తలా ఒక పళ్లెంలో వెలిగించకుండా నిలబెట్టాను. కింది అంతస్తులో కొవ్వొత్తి రోజంతా సిపాయిలా నిలబడింది. మా పై అంతస్తులో పన్నెండింటికి తల వంచింది, ఒంటిగంటకు నమస్కారం పెట్టింది, రెండింటికి సాష్టాంగపడింది. టైములతో సహా రాసుకున్నాను. బిల్డింగులో ఆడవాళ్లంతా సరోజనను పక్కకు పిలిచి, "మీ ఆయనకు మంచిగనే ఉంటాందా?" అని అడిగారు.

ఇక మందు. మిర్చి బేరానికి ఒకసారి రఘునాథపల్లి అవతల ఒక ఊళ్లో పాత బంగళాలో దిగాను. నడిమధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉంది. కాపలా ముసలాయన్ని అడిగితే, పైకప్పులో కుండలు బోర్లించి, సందుల్లో ఇటుక ముక్కలు నింపి, పైన సున్నంతో కప్పేశారని చెప్పాడు. కుండలో గాలి ఉంటుంది, ఆ గాలి వేడిని కిందికి పోనివ్వదు. ఇంతే సంగతి.

మా మిద్దె కొలిచాను. నలభై అడుగులకు ముప్పై. అడుగు వెడల్పు కుండలైతే పన్నెండు వందలు పడతాయి. పగిలేవాటికి అరవై ఎక్కువ. కుండ అర్ధ రూపాయి చొప్పున ఆరు వందల ముప్పై. సున్నం, ఇటుక ముక్కలు పదకొండు వందల యాభై. మేస్త్రీ, కూలి పదకొండు వందలు. అన్నీ కలిపి రెండు వేల ఎనిమిది వందల ఎనభై రూపాయలు.

ఇప్పుడు ఈ డబ్బు ఎన్నాళ్లకు తిరిగి వస్తుంది? గది చల్లబడితే ఫ్యాను తగ్గుతుంది, కరెంటు మిగులుతుంది. అరవై వాట్ల ఫ్యాను, రోజుకు ఎనిమిది గంటలు, ఏడాదికి నాలుగు నెలలు. యూనిటు నలభై పైసల లెక్కన పోర్షనుకు ఇరవై మూడు రూపాయలు, నాలుగింటికి తొంభై రెండు. ఖర్చును దాంతో భాగించాను. ముప్పై ఒక్క ఏళ్ల మూడు నెలలు వచ్చింది. కాగితం తిరగేసి మళ్లీ భాగించాను. కాగితం ఎటు తిప్పినా అంతే వచ్చింది.

కొమురయ్య మామకు చెప్పాను. ఆయన పైకప్పు కేసి చూశాడు.

"ఆ మూడు నెలలు జర తగ్గియ్యి అల్లుడా. ముప్పై ఒక్క ఏండ్లంటె ఎట్లనో అట్ల ఉంట."

సత్తమ్మత్త చాట పక్కన పెట్టింది. "నేను ఫ్యాను ఎయ్యనే ఎయ్య. నా ఇంట్ల ఇరవై మూడు రూపాలు ఏడికెల్లి మిగుల్తయ్?"

"లెక్కల అందరు ఫ్యానేసినట్టే అత్తా."

"నేను ఎయ్యలే గద."

"లెక్కల ఏసినవ్."

ఆవిడ చాట మళ్లీ దగ్గరికి లాక్కుంది. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే పిల్లలు ఊరుకున్నట్టు ఊరుకుంది. లెక్కలో ఉన్న సత్తమ్మకూ, నా ఎదురుగా కూర్చున్న సత్తమ్మకూ తేడా ఉందని ఆవిడకు అప్పుడే తెలిసింది. నాకు తెలియడానికి ఇంకో ఎండాకాలం పట్టింది.

అదే కాగితం పట్టుకుని ఓనరు దగ్గరికి పోయాను. ఆయన పేరు రాజేశం సేటు, చౌరస్తాలో బట్టల దుకాణం. చెడ్డవాడు కాడు. కిరాయి రెండు రోజులు ఆలస్యమైతే ఏమీ అనేవాడు కాదు, మూడో రోజు మాత్రం మెట్ల కింద నిలబడి దగ్గేవాడు. కాగితం మొత్తం చదివి కళ్లద్దాలు నెత్తి మీదికి నెట్టాడు.

"కరెంటు బిల్లు ఎవలు గడ్తరు?"

"కిరాయిలోల్లమే గదా సేటూ."

"ఫ్యాను తక్వ తిరిగితె పైసలు ఎవలికి మిగుల్తయ్?"

"మాకే."

"కుండల పైసలు ఎవలు పెట్టాలె?"

"మీరు."

సేటు తన దుకాణంలో పనివాణ్ణి పిలిచి, "ఈయనకు చాయ్ తాపియ్యి. ఎండల తిరిగినట్టున్నడు," అన్నాడు.

చాయ్ తాగి ఇంటికి వచ్చాను గానీ ఆ మూడు ప్రశ్నలు వదలలేదు. సేటు అన్నది నిజమే. ఖర్చు ఒకరిది, సుఖం ఇంకొకరిది అయితే ఏ మిద్దె మీదికీ ఒక్క కుండ కూడా ఎక్కదు. ఓనరుకు కూడా ఏదో ఒకటి రావాలి. ఏమొస్తుంది? మూడు రోజులు తిండి సరిగ్గా తినలేదు. మూడో రోజు కాళ్లు కడుక్కుంటుంటే తట్టింది. కింది అంతస్తు చల్లన కాబట్టి ఎనభై, పై అంతస్తు వేడి కాబట్టి అరవై. వేడి పోతే పై అంతస్తు విలువ కూడా ఎనభైయే కదా. కాళ్లు తడిగానే పరిగెత్తి కాగితం మీద ఏడో వరుస చేర్చాను. "గది చల్లబడుట వలన పెరుగు కిరాయి విలువ: పోర్షనుకు నెలకు ఇరవై రూపాయలు." నాలుగు పోర్షన్లకు ఎనభై. రెండు వేల ఎనిమిది వందల ఎనభైని ఎనభైతో భాగించాను. ముప్పై ఆరు నెలలు. శేషం సున్నా.

శేషం సున్నా వచ్చినప్పుడు లెక్కలవాడికి కలిగే ఆనందం గురించి మీకు చెప్పినా అర్థం కాదు. సరోజనకు అస్సలు కాలేదు.

"గీ ఇరవై రూపాలు ఎవలి మీద రాసినవ్?" అంది.

"ఎవలి మీద రాయలే. విలువ అని రాసిన."

"విలువ అంటె ఎవలో ఒకలు కట్టుడే గద?"

"అది సేటుకు సమజ్ కావాలని రాసిన మాట. నిజంగ పెంచుతడా ఏంది? నీకు లెక్కలు తెల్వయ్."

ఇది చదివేవాళ్లలో పెళ్లైనవాళ్లుంటే, ఈ చివరి వాక్యం ఇంట్లో వాడకండి. నా దగ్గర దాని ఖర్చు వివరంగా ఉంది.

సేటు ఈసారి కాగితం రెండుసార్లు చదివాడు. ఏడో వరుస దగ్గర వేలు ఆగింది.

"ముప్పై ఆరు నెలలంటవ్."

"ముప్పై ఆరే. ఒక్క రోజు ఎక్కువ గాదు."

"తర్వాత?"

"తర్వాత అంతా లాభమే సేటూ."

"నీ అసొంటోడు నా దుకాణంల ఉండాలె," అన్నాడు. "కింద సంతకం బెట్టు."

నా చేత సంతకం పెట్టించుకున్నవాళ్లు అప్పటివరకు కాటా దగ్గరి హమాలీలే. ఒక సేటు అడిగేసరికి ఒళ్లు తెలియలేదు. "లెక్క సరిగా ఉన్నది" అని రాసి, కింద గీత గీసి, ఆ గీత కింద ఇంకో గీత గీసి సంతకం పెట్టాను.

కుండలకు రఘునాథపల్లి పక్కనుంచి కుమ్మరి ఐలయ్యను పిలిపించాను. సంఖ్య విని ఆయన కండువా తీసి చెవి తుడుచుకున్నాడు.

"పన్నెండు వందల అరవై. ఎన్ని పెండ్లిళ్లున్నయి?"

"పెండ్లి గాదు."

ఆయన గొంతు తగ్గించాడు. "మీ దిక్కు గత్తర ఏమన్న ఒచ్చిందా?"

"గత్తర లేదు, కలరా లేదు. మిద్దె మీద బోర్లిస్తం."

"మంచిగున్న కుండల్నా?"

"మంచిగున్నయే."

"ఇంత బతుకు బతికిన, బోర్లిచ్చెటందుకు కుండలు ఎవ్వలు అడగలే," అని బయానా తీసుకున్నాడు. పోతూ పోతూ సరోజనను చూసి తల ఊపాడు. ఆ ఊపులో సానుభూతి ఉంది.

ఫిబ్రవరిలో కుండలు లారీలో దిగాయి. మోత కూలి మిగల్చాలని నేను ఇంకో లెక్క కట్టి ఉన్నాను: నాలుగు కుటుంబాలవాళ్లం మెట్ల మీద వరసగా నిలబడి చేతులు మారుస్తూ అందిస్తే ఆ ఖర్చు సున్నా. కండక్టరు కింది మెట్టు మీద, కంపౌండరు మలుపు దగ్గర, సరోజన, నేను ఆపైన. చివరి మెట్టు మీద సత్తమ్మత్త. రెండు రోజులు ఆవిడ బీడీలు చుట్టలేదు. పన్నెండు వందల అరవై కుండల్లో ప్రతి కుండా ఆవిడ చేతుల మీదుగానే మిద్దె ఎక్కింది.

"ఇన్ని కుండలు నెత్తి మీద బోర్లిచ్చుకునుడు మంచిదేనా అల్లుడా?" అంది మధ్యలో ఒకసారి.

"శాస్త్రం అత్తా ఇది."

"ఏ శాస్త్రం?"

నేను లెక్కపెడుతున్నాను కాబట్టి జవాబు చెప్పలేదు. యాభై ఎనిమిది పగిలాయి. అరవై అనుకున్నాను. రెండే తేడా. మిగిలిన రెండు కుండల్లో ఒకటి మేము ఉంచుకున్నాం, ఒకటి సత్తమ్మత్త మంచినీళ్లకు తీసుకుంది.

ఆ ఏప్రిల్ గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే తర్వాత చెప్పేవన్నీ వేరు. మా అంతస్తులో కొవ్వొత్తి సాయంత్రం దాకా నిలబడింది. ఒకరోజు మధ్యాహ్నం పక్క పోర్షన్లోంచి సత్తమ్మత్త కేక విని అందరం పరిగెత్తాం. కొమురయ్య మామ గదిలో, తల లోపలే పెట్టుకుని, కదలకుండా పడి ఉన్నాడు. ఆవిడ భుజం పట్టి కుదిపింది. ఆయన కళ్లు తెరిచి అందర్నీ చూశాడు.

"ఏమైందే?"

"దగ్గు ఇనొస్తలేదు. పోయినవనుకున్న."

"పండుకున్ననే. పగటిపూట పండుకోక ఎన్నేండ్లాయె. మల్ల లేపితివి," అని అటు తిరిగి పడుకున్నాడు.

ఆరోజు బిల్డింగు మొత్తం నాకు తలా ఒక చాయ్ పోసింది. పదకొండు చాయ్‌లు తాగాను.

మే నెల చివర ఒక మధ్యాహ్నం సేటు పైకి వచ్చాడు. మూడంతస్తులు ఎక్కి, చెమట తుడుచుకుంటూ కొమురయ్య మామ గదిలో మంచం మీద కూర్చున్నాడు. సత్తమ్మత్త ఆ మిగిలిన కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చింది. నేను కూడా వెళ్లి, నిలబడి ఉన్న కొవ్వొత్తిని చూపించాను. సేటు దాన్ని వేలితో తాకి చూశాడు.

"నీ లెక్క నిజమేనయ్యా. నేను నమ్మలేదు. సల్లగున్నది," అన్నాడు.

నేను వినయంగా తల వంచుకున్నాను. తల ఎత్తేసరికి సేటు చేతిలో నా కాగితం ఉంది.

"వచ్చే నెల సంది ఎనభై ఇయ్యాలె నలుగురు. ఏడో వరుస."

"సేటూ, అది... లెక్క కోసం రాసిన."

"నేను గూడ లెక్క కోసమే పైసలు పెట్టిన."

"వీళ్లు ఎట్ల ఇస్తరు సేటూ? బీడీల మీద బతుకుతాండ్రు."

సేటు నిజంగానే బాధపడ్డాడు. కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాడు, అక్కడ ఏమైనా ఉందేమోనని. "గా సంగతి నీ కాయితంల రాయలే గదా," అన్నాడు. "ఎండకు ఓర్సుకోమని నేను ఎన్నడన్న అన్ననా? మీరే సల్లగ జెయ్యిమంటిరి. బ్యాంకుల పనిజేసే ఆయన మొన్ననే అడిగిండు, పై అంతస్తు సల్లగున్నదట గద, వందైనా ఇస్తనని. నేను ఎనభైయే అడుగుతాన."

ఆయన మెట్లు దిగిపోయాక మేము ముగ్గురం కొవ్వొత్తి వంక చూస్తూ కూర్చున్నాం. అది మాత్రం నిటారుగా నిలబడే ఉంది.

నాకు తెలిసిన వైద్యం ఒకటే కాబట్టి మళ్లీ పెన్సిలు తీశాను. వెయ్యి బీడీలకు అప్పట్లో ఆవిడకు ఐదు రూపాయలు ముట్టేవి. ఇరవై రూపాయలంటే నెలకు నాలుగు వేల బీడీలు ఎక్కువ. రోజుకు నూట ముప్పై మూడు. చెప్పాను.

సత్తమ్మత్త చేతులు నా ముందు పెట్టింది. బొటనవేళ్ల దగ్గర చర్మం లేచిపోయి ఉంది.

"ఈ చేతులల్ల ఏడ రాస్తవో రాయి," అంది.

మిగతావాళ్లనైనా అడుగుదామని పోయాను. ఇరవైని ముగ్గురం పంచుకుంటే తలా ఆరు రూపాయల అరవై ఏడు పైసలు. కండక్టరు టికెట్ల సంచి భుజానికి వేసుకుంటూ విన్నాడు.

"నా కిరాయే ఇరవై పెరిగె. ఎవల సంతకంతోని పెరిగెనే?"

"నాదే."

"మరి నువ్వే గట్టు. నేను బస్సుల టికెటు కొట్టేటోన్ని, నువ్వు మా అందరికి కొట్టినవ్."

కంపౌండరు తలుపు తీయలేదు. లోపల్నుంచి, "అన్నా, నీ చేతుల కాయితమున్నదా?" అని అడిగాడు. ఉందన్నాను. "గట్లైతె తర్వాత రా," అన్నాడు.

సరోజన అప్పటికి మాట్లాడటం మానేసి మూడు రోజులైంది. నేనే మొత్తం ఇరవై కట్టేస్తానని నాలుగో రోజు సత్తమ్మత్తకు చెప్పాను. నా కిరాయి పెంపుతో కలిపి నలభై. నా జీతంలో ఆ నలభై ఏ మూల నుంచి వస్తుందో లెక్క వేయకుండానే చెప్పాను. జీవితంలో మొదటిసారి. ఆవిడ ఆకు కత్తిరిస్తూనే అడిగింది.

"ఎన్ని నెలలు గడ్తవ్?"

నా చెయ్యి జేబులో పెన్సిలు కోసం వెతికింది.

"నీకు పిల్లలైతరు. ఖర్సులైతయి. ఒకనాడు నువ్వు కట్టవు. ఆనాడు మేం నీ మొకం చూడలేం, నువ్వు మా మొకం చూడలేవు. ఇప్పుడే పోతం తియ్యి."

మిల్లు వెనక రేకుల గదుల వరస ఒకటి ఉండేది. కిరాయి ముప్పై ఐదు. రోహిణి కార్తెలో, ఊళ్లో కుక్కలు కూడా నీడ వదలని రోజుల్లో, వాళ్ల సామాను నేనే రిక్షాలో వేసి తీసుకుపోయాను. ఒక పెట్టె, మంచం, చాట, ఆ కుండ. రేకుల కింద నిలబడితే జుట్టు కమిలిన వాసన వచ్చింది. కొమురయ్య మామ మంచం మీద సర్దుకుని, చొక్కా జేబులోంచి ఏదో తీసి కిటికీలో నిలబెట్టాడు. నా కొవ్వొత్తే. ఎప్పుడు తీసుకున్నాడో తెలియదు. మేము మంచినీళ్లు తాగి లేచేసరికి అది సగానికి వంగి, రెండో చివర నేలను చూస్తోంది.

"చూసినవా అల్లుడా," అన్నాడు దగ్గు మధ్యలో. "అది ఒంగింది. నేనింక ఒంగలే."

ఆయన వంగలేదు. వానాకాలం గడిచింది, చలికాలం గడిచింది. మరుసటి ఏడు ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, రేకుల కింద, దగ్గు ఆగిపోయింది. సత్తమ్మత్త ఈసారి పడుకున్నాడనుకుని లేపలేదట. సాయంత్రం దాకా బీడీలు చుట్టుకుంటూ కూర్చుందట.

డాక్టరు చెప్పిన రెండు ఎండాకాలాల్లో ఆయనకు రెండే నెలలు చల్లగా దొరికాయి. నా లెక్క ప్రకారం కుండల ఖర్చు తిరిగి రావడానికి ముప్పై ఆరు నెలలు. ఆయన పదకొండో నెలలో పోయాడు. సేటు పెట్టుబడి మాత్రం భద్రంగా ఉంది. వాళ్ల పోర్షన్లో బ్యాంకాయన వందకు చేరడంతో నేను చెప్పినదానికంటే ముందే తిరిగి వచ్చేలా కూడా ఉంది. లెక్కలో నేను చేసిన తప్పు అదొక్కటే, అదీ సేటుకు లాభం వైపు.

మా వీధిలో నాకు పేరొచ్చింది. ఓనర్లు నన్ను చూసి కుర్చీ వేసేవాళ్లు, కిరాయిదారులు తలుపులు వేసుకునేవాళ్లు. ఒకాయన మిఠాయి పొట్లంతో వచ్చి, తన బిల్డింగుకు కూడా అలాంటి ఏడో వరుస ఒకటి రాసిపెట్టమన్నాడు. మిఠాయి తిరిగి ఇచ్చేశాను. ఇచ్చాక తూకం వేయలేదు గానీ అర కిలో ఉంటుంది.

ఆ జూన్‌లో సేటు నన్ను పిలిచి చాయ్ తాపించాడు. చాయ్ చూడగానే నాకు అర్థమైంది.

"బ్యాంకాయన వంద ఇస్తాండు. పక్కపొంటి నువ్వు ఎనభై ఇస్తె ఆయన మనసు ఖరాబైతది. నువ్వే చెప్పు, లెక్క తెలిసినోనివి."

నేను లెక్క తెలిసినవాణ్ణి కాబట్టి ఏమీ చెప్పలేకపోయాను. పది రోజుల్లో ఖాళీ చేశాం. మా జీతానికి తగిన గది ఊరంతా వెతికితే దొరికింది ఒక్కచోటే. మిల్లు వెనక, రేకుల వరసలో, సత్తమ్మత్త పక్క గది.

రిక్షా ఆగేసరికి ఆవిడ గడపలో కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. సరోజన దిగింది, పెట్టె దిగింది, మా కుండ దిగింది. చివరికి నేను దిగాను. ఆవిడ నన్నూ, నా మీది రేకులనూ మార్చి మార్చి చూసింది.

"పెన్సిలు తెచ్చినవా అల్లుడా?"

"తెచ్చిన అత్తా."

ఆవిడ చాట ముందుకు జరిపింది. నేను జేబులోంచి తీసి తంబాకు పక్కన పెట్టాను. ఆవిడ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, బీడీలా అటూ ఇటూ తిప్పి చూసి, రేకుల సందులో పైకి దోపింది.

"ఇగ లోపలికి రా. మంచినీళ్లు తాగు."

కాబట్టి, ఏడో తరగతి దాకా చదివి, మతి స్థిమితంలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, మీ అందరి ఎదుట ఈ హామీ రాసి ఇస్తున్నాను. ఇకమీదట ఏ మిద్దెకు గానీ, గోడకు గానీ, కిటికీకి గానీ లాభనష్టాలు కట్టను. శేషం సున్నా వచ్చినా సంతోషించను. ఏ కాగితం మీదా ఏడో వరుస రాయను. ఆరు తర్వాత ఎనిమిది రాస్తాను. ఎదురింటికి నిప్పంటుకుంటే అందరికంటే ముందు పరిగెత్తి నీళ్లు పోస్తాను. ఎన్ని కుండలు పోశానో మాత్రం లెక్కపెట్టను.